ముందా తలుపెయ్యండి

మా అమ్మాయి పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి నర్సు చేతిలోని పళ్లెం కింద పడిపోయిందని మా ఆయన ఇప్పటికీ చెబుతుంటారు. ఆయన దర్జీ. మాటలు కూడా బట్టలాగే కాస్త సాగదీసి కుడతారు. ఇది మాత్రం నిజమే. అప్పటినుంచి ఇంట్లో దాన్ని ‘గంట’ అనే పిలుస్తున్నాం. ఆ గొంతు ఎవరి నుంచి వచ్చిందని అడగాల్సిన పని లేదు. నేను మా దుకాణం మెట్ల మీద నిలబడి ఒక్క కేక వేస్తే, వీధి చివర టీ కొట్టులో కూర్చున్న మా ఆయన గ్లాసు సగంలో వదిలేసి లేచి వస్తారు.

గంట పెద్దదై సైన్సు టీచరైంది. అది పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా వినేవాళ్లట. ఆ క్లాసు మాస్టారు తన లెక్కలు ఆపి, ‘మీ పాఠం అయ్యాక మాది మొదలుపెడతాం లెండి’ అని కబురు పంపేవారట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా గంటకి ఆ నోరే ఊరూ, ఉద్యోగమూ.

ఆ గొంతే పోయింది. ముందు బొంగురుపోయింది. జలుబనుకుని వేడినీళ్లతో నెట్టుకొచ్చాం. తర్వాత సాయంత్రమయ్యేసరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి, టీవీలాంటి దాని మీద చూపించింది. ఎక్కువ పని చేసిన చేతులకి కాయలు కాసినట్టు, మాట పలికే చోట కాయలు కాశాయట. ఆపరేషన్ చేసింది. ఆపైన ఆజ్ఞలు జారీ చేసింది: మాట్లాడకూడదు, గుసగుసలు అసలే కూడదు, పగలబడి నవ్వకూడదు. ఈ ఏడు బడి ముగిసేదాకా ఇంతే. ఆ తర్వాతైనా క్లాసు అదిరేలా మాట్లాడే గొంతు తిరిగి వస్తుందో రాదో తను చెప్పలేనంది.

హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు, భయస్తుడు. మాట్లాడలేని టీచరుకి క్లాసు ఎందుకిచ్చారని పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నది ఆయన బెంగ. గంటను లైబ్రరీ గదిలో పుస్తకాలు సర్దమనీ, దాని ఎనిమిదో తరగతిని లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాననీ అన్నారు. విశ్రాంతిగా ఉంటుందమ్మా అని కూడా అన్నారట. అది ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఎంత కదిపినా లేవలేదు. చివరికి లేచి, మాతో మాట్లాడటానికి కొనుక్కున్న చిన్న తెల్ల పలక మీద రాసి చూపించింది.

‘క్లాసు పోతే నేనేం టీచర్ని?’

నాకు ఒళ్లు మండింది. హెడ్మాస్టరు మీదా, డాక్టరమ్మ మీదా, ఆ కాయల మీదా. ఎవరి మీద అరవాలో తెలియక మా ఆయన మీద అరిచాను. ఆయన అలవాటైన మనిషి, సూదిలో దారం ఎక్కించుకుంటూ ఊరుకున్నారు.

గంట మాత్రం ఊరుకోలేదు. బడిలో ఒక ప్రొజెక్టరు ఉండేది. మాస్టారెవరైనా సెలవు పెడితే పిల్లల నోళ్లు మూయించడానికి ఏదో ఒక సినిమా వేసి కూర్చోబెట్టేవాళ్లు, అంతకు మించి దానికి పనేమీ లేదు. గంట దాని దుమ్ము దులిపి, బొమ్మలు తెర మీద, మాట స్పీకర్లలో, తను పిల్లల ముందు అని ఒక పథకం వేసుకుంది. మొదట కంప్యూటరు చేత మాట్లాడించి చూసింది. ఆ గొంతు విని మా ఆయన కుట్టుమిషను మీదే కునుకు తీశారు. గంట నిట్టూర్చి, ఇల్లంతా కలియజూసి, చివరికి నా వైపు వేలు చూపించింది.

ఈ పథకం తెలిసి హెడ్మాస్టరు తల గోక్కుని, గోక్కుని, ఒక మాట అన్నారు. తనిఖీ అధికారి వచ్చేదాకా నడిపించుకోవచ్చు, ఆయన చూసి ఎలా చెబితే అలా. క్లాసు ఉంటుందా పోతుందా అన్నది ఆ ఒక్క మనిషి చేతిలో ఉందన్నమాట.

దుకాణం వెనక బట్టల తానులు పెట్టుకునే గది మా రికార్డింగ్ గది అయింది. చుట్టూ బట్ట ఉంటే గొంతు మారుమోగదట. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన మిషను ఆపి టీకి వెళ్లే వేళ మేమిద్దరం లోపల దూరేవాళ్లం. ఊపిరి చప్పుడు పడకుండా గంట మైకుకి మా ఆయన మేజోడు తొడిగింది. అది ఉతికిందేనని ఒట్టు వేయించుకున్నాకే నేను నోరు దగ్గర పెట్టాను.

మొదటి రోజు అది రాసిచ్చిన కాగితం పట్టుకుని, వార్తలు చదివేవాళ్లలాగా గొంతు సవరించుకుని ఒక్క తప్పు లేకుండా చదివాను. మెచ్చుకుంటుందని చూస్తే, అది బల్ల మీద వేలితో కొట్టి ఆపేసింది. పలక ఎత్తింది.

‘చదవకు. చెప్పు.’

నాకు కోపం వచ్చింది. చదవడానికీ చెప్పడానికీ తేడా ఏమిటో నాకర్థం కాలేదు. కాగితం పక్కన పడేసి, ఎదురుగా మా ఆయన ఉన్నారనుకుని మొదలుపెట్టాను. ‘పొయ్యి మీద నీళ్లు పెట్టి మరిచిపోయారనుకోండి. మరిచిపోతారు, మీ సంగతి నాకు తెలియంది కాదు. వచ్చి చూసేసరికి గిన్నెలో నీళ్లు లేవు. ఎవరు తాగారు?’ గంట కళ్లు మెరిశాయి. అరచెయ్యి పైకెత్తి చూపించింది. అంటే ఇక్కడ ఆగు, మాట్లాడకు అని.

ఆ అరచెయ్యితోనే నాకు చచ్చే చావు. ప్రశ్న అడిగిన ప్రతిసారీ అరచెయ్యి లేచేది. రికార్డింగ్ నడుస్తూ ఉండేది, నేను నోరు మూసుకుని తానులు చూస్తూ కూర్చునేదాన్ని. మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం నా వంశంలోనే లేదు. ఉత్త ఖాళీని రికార్డు చేయడం దేనికని అడిగితే అది మళ్లీ అరచెయ్యే చూపించేది. ఖాళీ గోనెసంచీకి మూతి కుట్టినట్టుందని నేను సణుక్కునేదాన్ని.

ఒకరోజు అలా ఖాళీ రికార్డవుతున్నప్పుడు మా ఆయన నల్లదారం ఉండ కోసం లోపలికొచ్చారు. వచ్చిన మనిషి తలుపు వేయరు. పెళ్లయినప్పటినుంచీ ఇదే తంతు. వీధిలో హోరంతా లోపలికి వచ్చేస్తోంది. నేను అరచెయ్యి సంగతి మరిచిపోయి గట్టిగా అందుకున్నాను. ‘ముందా తలుపెయ్యండి! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?’

ఆ ముక్క కత్తిరించి పారేశాననుకుంది గంట. ఏ ముక్క తీసింది, ఏ ముక్క ఉంచింది చూసుకోలేదు. మర్నాడు క్లాసులో పాఠం మధ్యలో స్పీకర్లు దద్దరిల్లేలా నా కేక వినిపించిందట. చివరి బెంచీ పిల్ల ఒకతె ఉలిక్కిపడి లేచి, నిజంగానే తెరిచి ఉన్న తలుపు వేసి వచ్చి, ‘సారీ అండీ’ అని స్పీకరుకి చెప్పి కూర్చుందట. క్లాసంతా నిటారుగా అయిపోయిందట. గంట ఇంటికొచ్చి ఇదంతా పలక మీద రాస్తూ, తుడుస్తూ, నవ్వు ఆపుకోలేక నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆపరేషన్ తర్వాత దాని ముఖాన నవ్వు చూడటం అదే మొదలు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయినా, దాని నవ్వు చూసి కడుపు నిండింది. ఆ ముక్కను అది పారేయలేదు, విడిగా దాచుకుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడల్లా మీట నొక్కేదట.

పిల్లలు నాకు ‘గొంతమ్మ’ అని పేరు పెట్టారు. ఒకసారి కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయల గురించి బండివాడిని నాలుగు దులుపుతుంటే, బడి సంచీ తగిలించుకున్న పిల్లలు ఆగిపోయి నన్నే చూస్తూ నిలబడ్డారు. ‘గొంతమ్మ రా!’ అని ఒకడు గొణిగాడు. బండివాడు వెంటనే మంచివి ఏరి ఇచ్చాడు. ఇక నన్ను పట్టేవాళ్లు లేకపోయారు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతున్నానని చెప్పేదాన్ని. మా ఆయన ఊరుకోలేదు. ‘కాకి పిల్ల కాకికి ముద్దంటారు. మా ఇంట్లో కాకికి తన గొంతే ముద్దు’ అన్నారు. నేను పట్టించుకోలేదు. నా బిడ్డ క్లాసు నా గొంతు మీద నిలబడింది, ఆ మాత్రం విర్రవీగడం తప్పు కాదనుకున్నాను.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఆ గొంతు ఎవరిదో ఆవిడను కూడా రమ్మనండి అని అధికారి కబురు పెట్టారు. పెట్టె అడుగున దాచిన మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. క్లాసులో కిటికీలకి మా ఆయన నల్లటి లైనింగు బట్టతో కుట్టిన తెరలు వేలాడుతున్నాయి. ఎత్తు బల్ల మీద ప్రొజెక్టరు, నల్లబల్లకి అటూ ఇటూ స్పీకర్లు, పిల్లల కాళ్లకి తగలకుండా నేలకి టేపుతో అంటించిన వైర్లు. గంట అన్నీ ఒకసారి చేత్తో తడిమి చూసుకుని నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

అధికారి బక్కపలచని మనిషి. కళ్లజోడు ముక్కు మీద కన్నా చేతిలో ఎక్కువ ఉంటుంది. నన్ను చూసి, ఆ గొంతు మీదేనా అని అడిగారు. నాదేనన్నాను. ఆయన తల ఊపి చివరి బెంచీలో కూర్చున్నారు. ఒక మంచి మాట అంటారేమోనని కాసేపు చూసి నేనూ అదే బెంచీ చివర సర్దుకున్నాను. హెడ్మాస్టరు కూర్చోలేదు, గోడకి ఆనుకుని చెమట తుడుచుకుంటున్నారు.

పాఠం మొదలైంది. ఆ రోజు పాఠం శబ్దం. తెర మీద ఒక తీగ, వేగం తగ్గించి తీసిన బొమ్మ. వేలితో మీటగానే అది ఎంత మెల్లగా కదులుతోందంటే, పైకీ కిందికీ ఊగడం పసిపిల్లలు కూడా చూడొచ్చు. స్పీకర్లలోంచి నా గొంతు గదంతా నిండింది. చీకట్లో ఎవరూ చూడరు కదా అని నేను కూడా పెదాలు కదుపుతున్నాను.

అధికారి హెడ్మాస్టరు వైపు వంగారు. మెల్లగా అన్నాననుకున్నారు గానీ మెల్లగా అనలేదు. ‘పాఠం ఆ పెట్టె చెబుతోంది. ఈ అమ్మాయి పక్కన నిలబడి మీటలు నొక్కుతోంది. ఆ పని ఎవరైనా చేస్తారు కదండీ. దానికి టీచరెందుకు?’

హెడ్మాస్టరు తన బూట్లు చూసుకున్నారు. గంటకి పోయింది గొంతే, చెవులు పాము చెవులు. అది విన్నదని దాని భుజాలు చూస్తే నాకు తెలిసిపోయింది. నా నాలుక చివరికి వచ్చేసిన మాటలు ఇక్కడ రాయకూడదు. నేను లేవబోయాను. అది దూరం నుంచే నన్ను చూసి, తానుల గదిలో ఎత్తినట్టే అరచెయ్యి ఎత్తింది. నేను కూర్చుండిపోయాను.

అప్పుడది స్పీకర్ల దగ్గరికి నడిచి వెళ్లి రెండూ కట్టేసింది.

మాట మధ్యలో నా గొంతు తెగిపోయింది. ఉన్నమాట చెబుతున్నాను, ముందు నాకు కోపమే వచ్చింది. అందరి ముందూ నా నోరు నొక్కేసినట్టు అనిపించింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. నా గొంతు కూడా లేకుండా ఇది ఏం చేస్తుంది, క్లాసు చేజేతులా పోగొట్టుకుంది కదా అనుకున్నాను.

గంట తీగ బొమ్మను మళ్లీ మొదటినుంచి నడిపించింది, ఈసారి చడీచప్పుడూ లేకుండా. తీగను చూపించింది, తన చెవిని చూపించింది, కనుబొమలు ఎగరేసి ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. నేను తానులు చూస్తూ కూర్చున్న ఖాళీ అది. ఆ ఖాళీలో ఇక్కడ ఏం జరుగుతుందో నేనెప్పుడూ చూడలేదు. పిల్లల మెడలు ముందుకి సాగాయి. ‘తీగ కదుల్తోంది టీచర్’ అంది ఒక పిల్ల. గంట ఇంకా అన్నట్టు వేళ్లాడించింది. కదలడం కాదు, వణుకుతోంది అన్నాడు ఇంకొకడు. వణికితే మనకెందుకు వినిపించాలని పక్కవాడు వాడితో తగువు పెట్టుకున్నాడు. అది అవుననలేదు, కాదనలేదు. ఒకడి మాట పట్టుకుని ఇంకొకడి వైపు చెయ్యి తిప్పేది, దారం ఒక చేతినుంచి ఇంకో చేతికి అందించినట్టు. ఎవరైనా దారి తప్పితే తీగను నిలబెట్టి మళ్లీ చూపించేది.

తర్వాత బల్ల కిందనుంచి ఒక గిన్నె తీసింది. కొన్నాళ్లుగా నేను ఇల్లంతా వెతుకుతున్న స్టీలు గిన్నె అది. దాని మూతికి పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టి, పైన ఉప్పు చల్లింది. ప్రొజెక్టరుకి కలిపిన తన ఫోను కెమెరాను దాని మీదికి వంచింది. తెర మీద ఉప్పు రవ్వలు గులకరాళ్లంత కనిపించాయి. క్లాసులో అందరికంటే పెద్ద గొంతున్న పిల్లను పిలిచి, గిన్నె పక్కన నోరు పెట్టి అరవమని సైగ చేసింది. ఆ పిల్ల అరిచింది. తెర మీద ఉప్పు ఎగిరి గంతులేసింది. ‘నేను ముట్టుకోలేదు టీచర్’ అని ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టేసుకుంది. గాలి ముట్టుకుంది అన్నారు ఎవరో. అంతే, క్లాసంతా ఆ మాట మీద పడింది.

చివరికి గంట అందరి ముందుకీ వచ్చి నిలబడి, రెండు వేళ్లు తన గొంతు మీద పెట్టుకుంది. ఆ గొంతు సంగతి పిల్లలందరికీ తెలుసు. అది తల అడ్డంగా ఊపి, ఇక్కడ ఏమీ లేదన్నట్టు చెయ్యి తిప్పి, మీరు అన్నట్టు వాళ్ల వైపు చూపించింది. పిల్లలు గొంతుల మీద వేళ్లు పెట్టుకుని ‘అ...’ అని మొదలుపెట్టారు. గది గదంతా తుమ్మెదల గూడులా మోగింది. పక్కకి చూస్తే అధికారి కూడా కళ్లజోడు జేబులో పెట్టుకుని, వేళ్లు గొంతు మీద ఆనించి ఉన్నారు.

గంట బెంచీల మధ్యగా నడుస్తూ, ఒక్కొక్కరి వేళ్లు సరైన చోట పెడుతూ వెనక దాకా వచ్చింది. నా దగ్గర ఆగి, తన వేళ్లు నా గొంతు మీద పెట్టింది. నేను ‘అ...’ అన్నాను. దాని వేళ్ల కింద నా గొంతు వణుకుతుండటం నాకే తెలిసింది. అది కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. ఇన్నాళ్లూ క్లాసుకి సైన్సు చెబుతున్నది నేనని ఊరంతా చాటుకున్నాను. నేను ఖాళీ అనుకున్న చోటల్లా నా కూతురు పాఠం చెబుతోందని ఆ క్షణాన తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. నా కూతురు అంత గొప్ప టీచరని కళ్లారా చూశాక ఏడవకపోతే ఇంకెప్పుడు ఏడుస్తాను?

దీపాలు వెలిగాక, తలుపు పక్కన కూర్చున్న పిల్లను అధికారి లేపి శబ్దం ఎలా పుడుతుందని అడిగారు. ఆ పిల్ల తీగ దగ్గర మొదలుపెట్టి, వణుకు, గాలి, ఉప్పు, చెవి దాకా గడగడా చెప్పేసింది. ‘ఇదంతా నీకెవరు చెప్పారు?’ అన్నారాయన.

‘మా టీచర్ చెప్పారు సార్.’

‘ఎప్పుడు? ఆవిడ ఒక్క మాటైనా మాట్లాడలేదుగా.’

ఆ పిల్ల ఆయన్ని జాలిగా చూసింది. ‘ఇప్పుడేగా సార్ చెప్పారు. మీరూ ఇక్కడే కూర్చున్నారుగా.’

హెడ్మాస్టరుకి పొలమారింది. అధికారి కళ్లజోడు జేబులోంచి తీసి పెట్టుకున్నారు. తర్వాత గంట ముందుకి వెళ్లి, నమస్కారం పెట్టి, హెడ్మాస్టరు వైపు తిరిగారు. ‘ఈ క్లాసు ఈవిడ దగ్గరే ఉంటుంది. పుస్తకాలు సర్దడానికి ఇంకెవర్నైనా చూసుకోండి.’ నా పక్కనుంచి వెళ్తూ, స్పీకర్లు మళ్లీ పెట్టించమ్మా, ఆ గొంతు కూడా బాగుంది అన్నారు. ఆ మంచి మాట కోసం పొద్దున్నించీ కాచుకుని కూర్చున్నదాన్ని, తీరా అన్నాక గంట వైపు వేలు చూపించాను.

ఆయన వెళ్తూ తలుపు బార్లా తెరిచి వదిలేశారు. ఎండ వచ్చి తెర మీద పడింది, బొమ్మ పూర్తిగా వెలిసిపోయింది. గంట తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. నాకు అర్థమయ్యేలోగానే స్పీకర్లు పెట్టి మీట నొక్కేసింది.

‘ముందా తలుపెయ్యండి! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?’

వరండా సగం దాటిన అడుగుల చప్పుడు ఆగిపోయింది. అధికారి గబగబా వెనక్కొచ్చారు. లోపలికి తొంగి చూసి, ‘సారీ అండీ’ అని స్పీకరుకి చెప్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లారు. క్లాసు పగలబడి నవ్వింది. గంట మాత్రం డాక్టరమ్మ ఆజ్ఞ తలుచుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది. దాని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

నేను బయల్దేరుతుంటే అది పలక తీసి రాసి చూపించింది.

‘అమ్మా, రేపు మధ్యాహ్నం కొత్త పాఠం. గొంతు జాగ్రత్త.’

ఆ రోజిక నేను నోరు విప్పలేదు. దారిలో పలకరించిన వాళ్లకి తల ఊపాను. కూరగాయల బండివాడు పుచ్చు వంకాయలు తూచినా ఊరుకున్నాను. ఇంట్లో మా ఆయన తానుల గదిలోంచి దారం ఉండ తీసుకుని, తలుపు తెరిచి వదిలేసి వెళ్లబోయి, కేక వినిపించక ఆగిపోయారు. వెనక్కొచ్చి నాకు జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.